"నేనెవరో చెప్పుకో" ఆట మానేయండి

మా అక్క కూతురికి పుట్టుకతోనే చూపు లేదు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ దాని చెయ్యి పట్టుకుని "నేనెవరో చెప్పుకో చూద్దాం" అనడం, అది తడబడితే అందరూ నవ్వడం. ముద్దుకే లెండి, కానీ ఆరేళ్లొచ్చేసరికి కొత్త గొంతు వినపడితే చాలు, లోపలి గదిలోకి పోయేది. అందుకని ముందు "నేను పెద్దత్తని" అని చెప్పండి, ఆ తర్వాతే చెయ్యి అందించండి. వెళ్లేటప్పుడూ చెప్పే వెళ్లండి, లేకపోతే చూపు లేని పిల్లలు ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోతారు, ఆ సంగతి తెలిశాక వాళ్లు పడే సిగ్గు అంతా ఇంతా కాదు.

చూపు లేని పసిబిడ్డ మీరు పిలవగానే కదలకుండా ఉండిపోతే పట్టించుకోవట్లేదని బెంగపడకండి, చాలాసార్లు అది చెవి పెట్టి వినడమే. వింటోందో లేదో తెలియాలంటే ముఖం కంటే చేతివేళ్లని గమనించండి.

ఎదుటివాళ్ల ముఖంలో ఏముందో మనమే మాటల్లో చెప్పాలి: "తమ్ముడు మూతి ముడుచుకున్నాడు, బొమ్మ లాక్కున్నావని." పిల్లలు అరుగు మీద ఆడుకుంటుంటే అక్కడ కూర్చోబెట్టి వచ్చేస్తే ఆట కలవదు. ఎవరెవరున్నారో, తన వంతు ఎప్పుడో చెబుతూ కాసేపు దగ్గరుండండి, మొదట గుంపు వద్దు, ఒక్క నేస్తం చాలు. అట్ట మీద అష్టాచెమ్మా గళ్లకి దారం అంటిస్తే వేళ్లకి తెలుస్తాయి, గవ్వలతో ఎలాగూ ఇబ్బంది లేదు. అంధుల క్రికెట్ బంతిలో చిన్న చిన్న ఇనప గుళ్లుంటాయి, గలగలమని దొర్లుతుంది. ఆ ఆటలో భారత జట్టుకి కెప్టెన్‌గా చేసిన అజయ్ కుమార్ రెడ్డి మన ఆంధ్రా కుర్రాడే.

ఇంట్లో పని చెప్పండి. వెల్లుల్లి ఒలవనివ్వండి, చుట్టాలకి మంచినీళ్లు తెచ్చివ్వమనండి, ఒలికితే ఒలికాయి. అల్లరి చేస్తే తమ్ముడికి పడ్డ చీవాట్లే తనకీ పడాలి, "పాపం" అని వదిలేస్తే తోటిపిల్లలే దూరం పెడతారు.

"నాకెందుకు కనపడదు?" అని ఏదో ఒక రోజు అడుగుతారు. మాట మార్చకండి. "నీ కళ్లు పనిచేయవమ్మా, అందులో నీ తప్పేమీ లేదు" అని చెప్పి, ఏడిస్తే ఏడవనివ్వండి, పక్కన కూర్చోండి. బడిలో ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక ముక్క ఇంట్లోనే అనుకుని ఉంచుకోవాలి. మా పిల్లది ఇదీ: "నాకు కనపడదు, నీ పేరేంటి?"

బడి అంటే గుర్తొచ్చింది, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు హక్కు, దగ్గర్లోని బడైనా ప్రత్యేక పాఠశాలైనా. ఎక్కడ చేర్చినా, సాయంత్రం ఇంటికి రాగానే మార్కుల గురించి కాదు, మధ్యాహ్నం భోజనానికి పక్కన ఎవరు కూర్చున్నారో అడగండి.