ఇమ్‌షోతో చిత్రాన్ని ఉన్నది ఉన్నట్టు చూపించడం

పైథాన్‌లో ఒక చిత్రాన్ని తెరపై చూపించడానికి ఇమ్‌షో అనే ఫంక్షన్‌ను పిలిస్తే చాలు. అమీర్‌పేటలో కోర్సులో చేరిన విద్యార్థి మొదటి తరగతుల్లోనే ఆ పని చేయగలుగుతాడు. అయితే ఇమ్‌షోకు అందేది సంఖ్యల పట్టిక మాత్రమే. ఏ సంఖ్యకు ఏ రంగు వేయాలో అది తన నియమాల ప్రకారం నిర్ణయిస్తుంది, ఆ నియమాలు మాట్‌ప్లాట్‌లిబ్ (గ్రాఫులు, చిత్రాలు గీసే పైథాన్ లైబ్రరీ)లో ఒక విధంగా, ఓపెన్‌సీవీ (చిత్రాలపై పనిచేసే లైబ్రరీ)లో మరో విధంగా ఉంటాయి. కాబట్టి చూపించే ముందు పట్టిక షేప్‌ను (కొలతలను), డీటైప్‌ను (సంఖ్యల రకాన్ని), కనిష్ఠ గరిష్ఠ విలువలను ప్రింట్ చేసి చూడటం తప్పనిసరి అని నా అభిప్రాయం.

లాడ్ బజార్‌లో తీసిన లక్క గాజుల ఫొటోను ఉదాహరణగా తీసుకుందాం. ఓపెన్‌సీవీలోని ఇమ్‌రీడ్ ఫంక్షన్ రంగులను నీలం, ఆకుపచ్చ, ఎరుపు అనే వరుసలో ఇస్తుంది. ఎర్ర గాజు మీది ఒక పిక్సెల్ విలువ (40, 30, 200) అనుకుంటే, అందులో చివరి 200 ఎరుపు. అదే పట్టికను మాట్‌ప్లాట్‌లిబ్ ఇమ్‌షోకు ఇస్తే, అది మొదటి సంఖ్యను ఎరుపుగా, చివరి సంఖ్యను నీలంగా చదువుతుంది కనుక ఎర్ర గాజులన్నీ నీలి గాజులైపోతాయి. ఎక్కడా ఎర్రర్ రాదు. చిత్రం[:, :, ::-1] అని రాసి వరుసను తిప్పి పంపితే రంగులు సరిపోతాయి. విండోస్‌లో మరొక చిక్కు ఉంది: ఫైలు పేరు తెలుగు లిపిలో ఉంటే ఇమ్‌రీడ్ చాలాసార్లు దాన్ని తెరవలేక నన్ అనే ఖాళీ విలువను ఇచ్చి ఊరుకుంటుంది, తప్పు ఇమ్‌షో దగ్గర బయటపడుతుంది.

ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది విలువల పరిధి. రంగుల చిత్రం పూర్ణాంకాల్లో ఉంటే 0 నుంచి 255 వరకు, దశాంశాల్లో ఉంటే 0 నుంచి 1 వరకు ఉండాలని మాట్‌ప్లాట్‌లిబ్ ఆశిస్తుంది. లెక్కల కోసం పట్టికను ఫ్లోట్‌గా (దశాంశాలుగా) మార్చి 255తో భాగించడం మరచిపోతే, 1 దాటిన విలువలన్నీ 1 దగ్గరే తెగిపోయి, ఫొటో దాదాపు మొత్తం తెల్లగా కనిపిస్తుంది.

ఒకే ఛానెల్ ఉన్న, అంటే ప్రతి పిక్సెల్‌కు ఒకే సంఖ్య ఉన్న చిత్రంలో మోసం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. మాట్‌ప్లాట్‌లిబ్ అందులోని కనిష్ఠ విలువను రంగుల పట్టీలో ఒక కొసకు, గరిష్ఠ విలువను మరో కొసకు సాగదీస్తుంది. విలువలు 100 నుంచి 130 మధ్యే ఉన్న మసక ఫొటో కూడా నలుపు తెలుపులు స్పష్టంగా విడిపోయినట్టు కనిపిస్తుంది. పైగా సీమ్యాప్ (ఏ రంగుల పట్టీ వాడాలో) చెప్పకపోతే 2.0 వెర్షన్ నుంచి ఊదా, ఆకుపచ్చ, పసుపుల విరిడిస్ పట్టీ వస్తుంది. అందువల్ల సీమ్యాప్‌కు గ్రే, వీమిన్‌కు (పట్టీ మొదటి కొస విలువకు) 0, వీమాక్స్‌కు (చివరి కొస విలువకు) 255 ఇవ్వండి. రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

ఓపెన్‌సీవీ ఇమ్‌షో అలా సాగదీయదు. 16 బిట్ల పట్టిక (విలువలు 0 నుంచి 65535 వరకు) వస్తే ప్రతి విలువను 256తో భాగిస్తుంది. హైదరాబాద్‌ను చూపే 10 బిట్ల ఉపగ్రహ చిత్రాన్ని 16 బిట్ల ఫైలుగా తెరిచారనుకోండి: గరిష్ఠ విలువ 1023 మాత్రమే కాబట్టి భాగించాక 4కు మించి మిగలదు, తెర నల్లగా ఉండిపోతుంది. డేటా చెడిపోయిందని భావించి ఫైలును మళ్లీ డౌన్‌లోడ్ చేయనక్కరలేదు. నంపై (సంఖ్యల పట్టికల లైబ్రరీ)లోని పర్సంటైల్ ఫంక్షన్‌తో 2వ, 98వ శాతాల విలువలు తీసుకుని, ఆ మధ్య భాగాన్ని 0–255 పరిధికి సాగదీసి, యూఇంట్8గా (8 బిట్ల పూర్ణాంకాలుగా) మార్చి చూపించండి. రెండు కొసలు దాటిన విలువలను మార్చే ముందే క్లిప్ చేయాలి, అంటే 0, 255 దగ్గరే ఆపాలి, లేకపోతే అవి చుట్టు తిరిగి మెరిసే చోట నల్ల మచ్చలుగా వస్తాయి. సమీప పరారుణ (కంటికి కనిపించని, ఎరుపుకు ఆవలి కాంతి) ఛానెల్‌ను ఈ విధంగా చూస్తే హుస్సేన్ సాగర్ నీరు నల్లగా, కేబీఆర్ పార్కు చెట్లు తెల్లగా విడివిడిగా తేలుతాయి.

ఓపెన్‌సీవీలో ఇమ్‌షో తర్వాత వెయిట్‌కీని (కీ నొక్కడం కోసం ఆగే ఫంక్షన్‌ను) పిలవకపోతే కిటికీలో చిత్రం రాదు. బ్రౌజర్‌లో నడిచే గూగుల్ కోలాబ్‌లో ఆ కిటికీయే తెరుచుకోదు కాబట్టి అక్కడ మాట్‌ప్లాట్‌లిబ్‌నే వాడండి. ఒకే ఛానెల్ చిత్రాల పక్కన కలర్‌బార్ కూడా పెడితే ఏ రంగు ఏ విలువకు వచ్చిందో చూసేవారికి వెంటనే తెలుస్తుంది.