మట్టి కుండీ చెమర్చాలి

మా మిద్దె మీద ఇప్పుడు 43 కుండీలు ఉన్నాయి. వాటిలో 36 మట్టివి, అన్నీ చేత్తో చేసినవే. అన్నిటికంటే పాతది తులసి కుండీ. మా అత్తగారు కొన్నది. నేను 1991లో కాపురానికి వచ్చేనాటికే అది పెరట్లో ఉంది. అంచు దగ్గర ఒకచోట పెచ్చు లేచినా, సన్న పగులొకటి ఉన్నా ఈరోజుకీ గట్టిగానే ఉంది. "మట్టివి ఎన్నాళ్ళుంటాయిలే అక్కా, ప్లాస్టిక్‌వి కొనేయ్" అని ఎవరైనా అంటే ముందు ఆ కుండీ చూపిస్తాను.

మేం ఉండేది చిత్తూరులో. ఇక్కడినుంచి బెంగళూరు రోడ్డు పట్టుకుంటే పలమనేరు వస్తుంది. టెర్రకోట పనికి పేరున్న ఊరు. నా కుండీలు చాలావరకు అక్కడివే. కుండీని ఎలా ఎంచుకోవాలో నాకు నేర్పింది కూడా అక్కడ ఒక ఇంటి ముందు కూర్చున్న అవ్వ. నేను రంగు చూసి, ఆకారం చూసి తీసి పెట్టుకుంటుంటే, "చూసేది తర్వాత పాపా, ముందు తట్టు" అంది.

తట్టడం ఇలా. చిన్న కుండీ అయితే ఎడమచేతి వేళ్ళ మీద నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో పక్క గోడమీద కొట్టాలి. పెద్దదైతే నేలమీదే కాస్త వంచి పట్టుకుని కొట్టాలి. ఖంగుమని మోగితే బాగా కాలింది. దబ్‌మని మొద్దుగా పలికితే సరిగా కాలలేదనో, ఎక్కడో వెంట్రుకవాసి పగులు ఉందనో అర్థం. ఒకేచోట కాదు, చుట్టూ నాలుగు చోట్ల తట్టండి. ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, మంట నేరుగా తగిలినచోట నల్లమచ్చలు పడతాయి. అవి లోపం కాదు, నాకైతే ఆ మచ్చలున్నవే ఇష్టం. లోపలికి చెయ్యి పెట్టి చూస్తే కుమ్మరి సారె మీద తిరిగేటప్పుడు పడ్డ వేలిగీతలు తగులుతాయి. అచ్చులో పోసిన కుండీకి ఆ గీతలుండవు.

ఆకారం విషయంలో ఒకటే మాట: పొట్ట పెద్దగా, మూతి చిన్నగా ఉన్నది మొక్కకు కొనకండి. వేర్లు పొట్టనిండా పెరిగాక మొక్కను బయటికి తీయాలంటే కుండీనైనా పగలగొట్టాలి, మొక్కనైనా కోయాలి. మూతి వెడల్పుగా, కిందికి సన్నబడేదే మంచిది.

ఇంకో సంగతి. ఒకసారి ఇంటికి తెచ్చిన ఆరు కుండీల్లో రెండింటి గోడలు వారం తిరక్కుండానే రూపాయి బిళ్ళంత మేర పెచ్చులు ఊడాయి. ఊడిన గుంట మధ్యలో ఆవగింజంత తెల్లచుక్క ఉంది. గోటితో గీకితే పిండిలా రాలింది. అది సున్నం. మట్టిలో చిన్న సున్నపురాయి పలుకు మిగిలిపోతే, ఆవంలో కాలి పొడిసున్నంగా మారుతుంది. తర్వాత గాలిలో తేమ తగిలేసరికి ఉబ్బి, పైనున్న మట్టిని తోసేస్తుంది. ఒకటి రెండు పెచ్చులైతే కంగారు పడక్కర్లేదు, కుండీ పనికొస్తుంది. కొనేటప్పుడే గోడమీద అలాంటి తెల్లచుక్కల గుంటలు చాలా కనిపిస్తే మాత్రం వదిలేయండి.

తెచ్చిన రోజే మొక్క పెట్టకూడదు. పెద్ద టబ్బులో కుండీని నిండా ముంచండి. బుడబుడమని గాలిబుడగలు వస్తాయి. కుండీ గోడంతా కంటికి కనపడని సందులే, వాటిలో ఉన్న గాలి అది. బుడగలు ఆగిపోయినా తీయకుండా ఒక రాత్రి అలాగే ఉంచుతాను. ఎండు కుండీలో నేరుగా మొక్క పెడితే, మీరు పోసిన నీళ్ళు ముందు గోడ తాగుతుంది, మిగిలితే మొక్కకు. కొత్తగా నాటిన నారు మర్నాటికే తలవాల్చేయడానికి చాలాసార్లు ఇదే కారణం.

నానిన కుండీ తడిగా ఉంటుంది కాబట్టి అడుగు చిల్లు పెద్దది చేసుకోవాలన్నా అదే సమయం. చాలా కుండీలకు చిటికెనవేలు కూడా పట్టని చిల్లు ఉంటుంది. మేకు, సుత్తి వద్దు. గుండ్రటి ఆకురాయి లోపలినుంచి పెట్టి, నీళ్ళు చల్లుకుంటూ మెల్లగా తిప్పండి. బొటనవేలు పట్టేంత అయితే చాలు. దాని మీద ఒక కుండపెంకు బోర్లించండి. అడుగున నాలుగు అంగుళాలు కంకర పోయాలని చెబుతుంటారు. నేను పోయను. నీళ్ళు సన్నటి మట్టిలోంచి పెద్ద రాళ్ళలోకి తేలిగ్గా దిగవు, కంకర పైనే మట్టిలో నిలిచిపోతాయి. అంటే తడి వేర్లకు ఇంకా దగ్గరవుతుంది, వేర్లు పాకే చోటూ తగ్గుతుంది. ఒక్క పెంకు చాలు.

ఇక అసలు సంగతి నీళ్ళు. మట్టి కుండీ చెమరుస్తుంది, తాగేనీళ్ళ కుండలాగే. నీళ్ళు గోడలోకి ఊరి, బయట ఆవిరైపోతాయి. అందుకే లోపల వేర్లు చల్లగా ఉంటాయి, అందుకే ప్లాస్టిక్ కుండీకంటే త్వరగా ఆరిపోతుంది. ఎప్పుడు నీళ్ళు పోయాలో కుండీ గోడే చెబుతుంది. పొద్దున ఆరున్నరకు మిద్దె ఎక్కగానే నేను మొక్కల్ని కాదు, గోడల్ని చూస్తాను. తడి ఉన్నంత మేర ముదురు రంగు, ఆరినంత మేర లేత రంగు, మధ్యలో ఒక గీత. ఆ గీత సగానికి దిగితే మల్లెకు, కరివేపాకుకు పోస్తాను. అడుగుదాకా దిగినా కలబందకు, ఎడారి గులాబీకి తొందర లేదు. అనుమానంగా ఉంటే వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి. పోసేటప్పుడు అడుగు చిల్లులోంచి కారేదాకా పోయాలి. పైపైన చిలకరిస్తే వేర్లు పైకే వస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు రెండు పూటలా నీళ్ళు తప్పవు. కుండీలన్నీ దగ్గర దగ్గరగా చేర్చి, చిన్నవాటిని మధ్యలో పెడతాను. మట్టిపైన రెండంగుళాలు ఎండుటాకులో కొబ్బరి పీచో పరుస్తాను. పడమటి ఎండ తగిలే వరసకు గోనెసంచి చుట్టి, సాయంత్రం నీళ్ళతోపాటు దాన్నీ తడుపుతాను. పుదీనాలాంటి తడి కోరే మొక్కలకైతే చిన్న కుండీని పెద్ద కుండీలో పెట్టి, మధ్యసందు ఇసుకతో నింపి, ఆ ఇసుకను తడిగా ఉంచుతాను. ఊరెళ్ళాల్సి వచ్చినా రెండు రోజులు టెన్షన్ లేకుండా గడిచిపోతుంది.

కుండీని నేరుగా స్లాబు మీద పెట్టకండి. మూడు ఇటుకముక్కల మీద నిలబెడితే కిందినుంచి గాలి ఆడుతుంది, చిల్లు మూసుకుపోదు, మిద్దె చెమ్మెక్కదు. పద్నాలుగు అంగుళాల కుండీ తడిమట్టితో 30 కిలోలకు తక్కువుండదు. అందుకే పెద్దవన్నీ కింద గోడలున్న చోట, పిట్టగోడ వారగా పెట్టుకోవాలి. మాకు కార్తీకంలోనే పెద్ద వానలు. ఆ నెలంతా కింది పళ్ళేలు తీసేస్తాను. పళ్ళెంలో నిలిచిన నీళ్ళు వేర్లను కుళ్ళబెడతాయి, డెంగ్యూ దోమ పుట్టేదీ అక్కడే.

గోడమీద తెల్లగా పూసే పొర గురించి చాలామంది అడుగుతారు. బూజు అనుకుని భయపడతారు. బోరునీళ్ళలోని, ఎరువుల్లోని లవణాలవి. నీళ్ళు ఆవిరై అవి బయట మిగిలిపోతాయి. గోడమీద ఉంటే నష్టం లేదు. అంచుమీద పేరుకుని కాండానికి తగులుతుంటే మాత్రం కొబ్బరిపీచుతో రుద్ది తీసేయాలి. మొక్క మార్చేటప్పుడు ఖాళీ కుండీని ఒక వంతు వెనిగర్, మూడు వంతుల నీళ్ళలో అరగంట నానబెట్టి తోమి, మంచినీళ్ళలో రెండుసార్లు కడిగితే పోతుంది. బాత్రూం యాసిడ్ వద్దు. గోడ సందుల్లోకి ఇంకిందంటే ఎంత కడిగినా నమ్మకం లేదు. వానపడితే నెలకు ఒకసారి ఆ నీళ్ళే నిండుగా పోయండి, మట్టిలో ఉప్పు దిగిపోతుంది.

రంగు వేయకండి. ఇది నేను బతిమాలి చెబుతాను. ఒకసారి దుకాణంలో నీలం ఎనామెల్ రంగు వేసినవి మూడు కొన్నాను. చూడటానికి ఎంత బాగున్నాయో! వానాకాలం పోయేసరికి మూడింట్లోనూ వేర్లు కుళ్ళాయి. గోడ సందులు మూసేస్తే అది ఇక మట్టి కుండీ కాదు. తర్వాత ఆ రంగూ నిలవలేదు, లోపలి తేమ, ఉప్పు తోసేసరికి పొక్కులు లేచి ఊడింది. రంగు కావాలంటే జాజు (ఎర్రమట్టి) నీళ్ళలో కలిపి పూయండి, సంక్రాంతికి ముగ్గు వేసుకోండి. వానకు పోతుంది, మళ్ళీ వేసుకోవచ్చు.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్నారు. కుండీలు పగిలేది ఎక్కువగా ఎత్తేటప్పుడే. అంచు పట్టుకుని లేపకూడదు, అడుగున చెయ్యి వేయాలి. బరువైనదాన్ని గోనెసంచి మీదికి ఒరిగించి ఈడ్చండి. ఖాళీవి ఒకదాంట్లో ఒకటి పేర్చితే మధ్యలో పాతగుడ్డ పెట్టండి, లేకపోతే బిగుసుకుపోయి తీసేటప్పుడు పగులుతాయి. మా చిన్నమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ కుండీలకు ఇంకో గండం ఉంది, మంచు. గోడలో ఊరిన నీళ్ళు గడ్డకట్టి ఉబ్బితే కుండీ పలకలు పలకలుగా విడిపోతుంది. చలి మొదలయ్యేలోపు మట్టి తీసేసి, కడిగి, బాగా ఆరబెట్టి గరాజులో బోర్లించి పెట్టమని చెప్పాను. అలాగే చేస్తోంది.

సన్న పగులు వస్తే పారేయకండి. అంచు కింద ఒక వరస, నడుముకు ఒక వరస ఇనుపతీగ చుట్టి, కటింగ్ ప్లేయరుతో మెలిపెట్టి బిగిస్తే ఏళ్ళు నడుస్తుంది. మా తులసి కుండీకి కూడా అలాంటి తీగ ఒకటి ఉంది, అత్తగారు కట్టించింది. రెండు చెక్కలైన దాన్ని ఏమీ చేయలేం. నిరుడు కోతి తోసేసిన గోంగూర కుండీని చిన్నచిన్న పెంకులుగా కొట్టి సంచిలో పెట్టాను. ఈ ఏడాది తెచ్చిన కొత్త కుండీల అడుగు చిల్లుల మీద ఆ పెంకులే బోర్లించాను.