ఇసుకలో జారిన ఉంగరాన్ని వెతకడం

విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఉంగరం జారిపోతే ఇసుకను కాళ్లతో కెలకకుండా, కురుసుర జలాంతర్గామి వంటి కదలని గుర్తులు కనిపించేలా నిలబడిన చోటి నుంచే ఫొటో తీసుకోవాలి. పొడి ఇసుకకు సాధారణ మెటల్ డిటెక్టర్ చాలు. ఉప్పునీటితో తడిసిన ఇసుకలో విద్యుత్తు ప్రసరిస్తుంది కనుక, ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రం అక్కడ లోహం లేకపోయినా మోగుతుంది. అందుకే అక్కడ విద్యుత్తును చిన్న చిన్న తునకలుగా పంపి లోహాన్ని పసిగట్టే పల్స్ ఇండక్షన్ రకం డిటెక్టర్ మేలు. నీరు వెనక్కి తగ్గినప్పుడు కాయిల్‌ను, అంటే డిటెక్టర్ కింది చివరనున్న గుండ్రటి భాగాన్ని, ఇసుకకు దాదాపు ఆనించి, ప్రతి ఊపు ముందటి ఊపులో సగాన్ని కప్పేలా నెమ్మదిగా ఆడించాలి. రేకు ముక్కలు ఎంత విసిగించినా వాటికి మోగకుండా యంత్రాన్ని సరిచేసి ఆ సంకేతాన్ని వడకట్టకూడదు. సన్నని బంగారు ఉంగరం కూడా ఇంచుమించు అలాగే మోగుతుంది, చాలామందికి అది దొరక్కుండా పోయేది ఇలా వడకట్టడం వల్లనేనని నా నమ్మకం. తవ్విన ఇసుకను జల్లెడ పట్టి, పిల్లల కాలు మడతపడకుండా గుంతను వెంటనే పూడ్చాలి.