కప్ప సరిగ్గా తినడం లేదా? ముందు మేతను పరీక్షించండి

పెంచుకుంటున్న కప్ప డీలా పడితే మనసు కొట్టుకుంటుంది. కంగారు పడకుండా ముందు దానికి ఏం వేస్తున్నామో చూసుకోండి. తప్పు తరచుగా అక్కడే దొరుకుతుంది.

మేత ఎదురుగా ఉన్నా కదలదు

చాలా జాతుల కప్పలు కదిలేదాన్నే ఆహారంగా గుర్తిస్తాయి. చచ్చిన పురుగులు చుట్టూ ఉన్నా పస్తుంటాయి. బతికున్న పురుగునే వేయండి. మట్టిలోకి దూరిపోయే రకం పురుగైతే నున్నటి అంచున్న గిన్నెలో వేయండి. రాత్రిపూట తిరిగే జాతి అయితే దీపం ఆర్పాకే మేత పెట్టాలి. తొట్టె చల్లబడినా ఆకలి మందగిస్తుంది. ఆఫ్రికా నీటికప్పల పద్ధతి వేరు. వాటికి నాలుక ఉండదు. వాసన పసిగట్టి, ముందుకాళ్లతో నోట్లోకి తోసుకుంటాయి కాబట్టి కదలని మేత కూడా తింటాయి.

నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది

పురుగు మరీ పెద్దదై ఉండవచ్చు. కప్ప మింగేటప్పుడు దగ్గర నుంచి చూడండి: కళ్లు మూసుకుని లోపలికి కుంగుతాయి. ఆ కనుగుడ్లు మేతను గొంతులోకి నెట్టడానికి సాయపడతాయి. పదేపదే కుంగుతున్నా పురుగు కాళ్లు ఇంకా పెదవుల బయటే ఆడుతుంటే పరిమాణం మించిందని అర్థం. కప్ప రెండు కళ్ల మధ్య దూరం కన్నా వెడల్పైన పురుగు వేయకండి. అమెజాన్ విషకప్పల వంటి బుల్లి జాతులకు పండ్ల ఈగలే సరిపోతాయి. పరిమాణం సరిగ్గానే ఉన్నా వానపామును ఉమ్మేస్తుంటే రకం మార్చండి. ఎరువుల తయారీకి వాడే ఎర్ర వానపాములు వదిలే ఘాటైన ద్రవం చాలా కప్పలకు నచ్చదు.

నాలుక తగిలినా పురుగు అంటుకోదు

నన్ను ఎక్కువగా బాధపెట్టే లక్షణం ఇదే. కప్ప గురి తప్పదు, నాలుక పురుగుకు తగులుతుంది, అయినా పురుగు జారి నడిచి వెళ్లిపోతుంది. చూపు తగ్గిందేమో అనుకుంటారు, కానీ లోపం నాలుకలో ఉండవచ్చు. విటమిన్ ఎ లోపిస్తే నాలుక మీద జిగురును తయారుచేసే కణాలు దెబ్బతింటాయి. పురుగులకు క్యారెట్ మేపితే చాలదు, ఎందుకంటే చాలా కప్పలు అందులోని కెరోటిన్‌ను విటమిన్ ఎగా సరిగా మార్చుకోలేవు. రెటినాల్ రూపంలో విటమిన్ ఎ ఉన్న పొడినే ఎంచుకోండి. మోతాదు మించినా హాని జరుగుతుంది. నాలుక ఇప్పటికే పనిచేయకపోతే పశువైద్యుడికి చూపించాలి.

కాళ్లు వణుకుతాయి, దవడ మెత్తబడుతుంది

కాల్షియం కొరత. కీచురాళ్లలో, మీల్‌వార్మ్‌లు అనే పిండిపురుగులలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఎంత తిన్నా ఎముకకు బలం చేరదు. పురుగులకు 24 నుంచి 48 గంటల ముందు నుంచే ఆకుకూరల వంటి మంచి ఆహారం మేపండి. వేసే ముందు డబ్బాలో విటమిన్ డి3 కలిసిన కాల్షియం పొడి వేసి, పురుగులను అందులో మెల్లగా ఆడించండి. వెంటనే వేయాలి. కీచురాయి తన మీసాలను నోట్లోకి లాక్కుని తుడుచుకుంటుంది, కాసేపటికే పొడి రాలిపోతుంది. వణుకు మొదలైతే పొడి ఒక్కటే సరిపోదు, వైద్యం అవసరం.

ఒళ్లు పెరుగుతుంది

వ్యాక్స్‌వార్మ్‌లు (మైనపు పురుగులు), ఎలుక పిల్లలు కొవ్వు మేత. ఎప్పుడో ఒకసారి మాత్రమే వేయండి. ఎదిగిన పెద్ద కొమ్ముకప్పకు రోజూ మేత అక్కర్లేదు. ఒళ్లు హఠాత్తుగా నీటితిత్తిలా ఉబ్బితే అది కొవ్వు కాదు, జబ్బు.

ఒంటి మీద చిన్న గాయాలు

మిగిలిపోయిన కీచురాళ్లు రాత్రి కప్పను కొరుకుతాయి. తినగా మిగిలిన వాటిని తీసేయండి.

బయటి పురుగు తిన్నాక నీరసం

తోటలో పట్టిన పురుగు మీద క్రిమిసంహారక మందు ఉండవచ్చు, లోపల పరాన్నజీవులు ఉండవచ్చు. మేత కోసం పెంచిన పురుగులనే వాడండి. మిణుగురును మాత్రం ఒక్కటి కూడా వేయకండి. కొన్ని రకాల మిణుగురుల ఒంట్లో గుండెను దెబ్బతీసే విషం ఉంటుంది. కప్ప పొరపాటున మింగితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.