ఉమ్మడి తోటలో గుమ్మడి పాదు

పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న మడిలో గుమ్మడి పెట్టదలచినవారు విత్తనం సంగతి కంటే ముందు తీగ ఎటు పాకుతుందన్నది ఆలోచించుకోవాలి. బలంగా పెరిగిన తీగ పదిహేను, ఇరవై అడుగులు సాగి, పక్క మడిలోని తోటకూరనూ వంగ మొక్కలనూ తన వెడల్పాటి ఆకుల కింద కప్పేస్తుంది. విజయవాడలో మా కాలనీవాళ్లం ఒక ఖాళీ స్థలాన్ని మడులుగా పంచుకుని కూరగాయలు పండిస్తున్నాము. అక్కడ వచ్చిన మాటపట్టింపుల్లో ఎక్కువ భాగం గుమ్మడి తీగ దగ్గర మొదలైనవే. అందువల్ల ప్రహరీ గోడ పక్కనున్న మడిని అడిగి తీసుకుని, గోడకు రెండడుగుల ఇవతల పాదు చేసి, తీగను గోడ వెంబడే పోనివ్వడం అన్నివిధాలా మంచిది. మధ్య మడి వచ్చినవారు తక్కువ ఎత్తు పందిరి వేసుకోక తప్పదు.

వానకాలపు పంటకు జూన్, జూలై నెలలూ, వేసవి పంటకు జనవరి, ఫిబ్రవరి నెలలూ విత్తడానికి అనువైనవి. రెండడుగుల చదరంలో అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు ఒక గంపెడు, వేపపిండి రెండు గుప్పెళ్లు మట్టిలో కలిపి నింపాలి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది కాబట్టి వానకాలంలో పాదును నేలకంటే అరడుగు ఎత్తుగా కట్టాలి. రాత్రంతా నానబెట్టిన విత్తనాలు నాలుగింటిని అంగుళం లోతున పెట్టి, మొలిచాక బలమైన రెండు మొక్కలను మాత్రమే ఉంచాలి. ఇంత చిన్న మడికి ఒక్క పాదు చాలు. రెండో పాదు పెడితే తీగలు ఒకదానిమీద ఒకటి పడి, గాలి ఆడక, బూడిద తెగులుకు చోటిస్తాయి. రకాల విషయానికి వస్తే, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క చందన్ రెండు, మూడు కిలోల కాయలు కాస్తుంది. పందిరి వేసేవారికి కిలో, కిలోన్నర మించని అర్క సూర్యముఖి మరింత అనుకూలం.

మొలక వచ్చిన మొదటి పక్షం రోజులూ పాదును కనిపెట్టుకుని ఉండాలి. నారింజ ఎరుపు రంగు పెంకు పురుగులు లేత జంట ఆకులను జల్లెడలాగా తూట్లు పొడుస్తాయి. తెల్లవారుజామున అవి మందకొడిగా ఉంటాయి కనుక చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయవచ్చు. ఆకుల మీద మంచు ఆరకముందే కట్టెల బూడిద చల్లితే కొంత అడ్డుకుంటుంది. మొక్క రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉన్నప్పుడు లీటరు నీటికి మూడు గ్రాముల బోరాక్స్ (బోరాన్ ఉండే లవణపు పొడి) కలిపి పిచికారీ చేస్తే ఆడపూలు ఎక్కువగా వస్తాయి. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం ఆకులు వేలాడుతుంటే కంగారుపడి నీళ్లు పోయనవసరం లేదు. సాయంత్రానికి అవి తేరుకోకపోతేనే మొదలు దగ్గర, ఆకులు తడవకుండా పోయాలి.

గుమ్మడి పెంపకంలో అసలు మెలకువంతా పూల దగ్గరే ఉంది. మొదటి ఏడాది మా పాదుకు వచ్చిన పిందెలు నిమ్మకాయంత అయ్యేలోపే పసుపుబారి రాలిపోతుంటే, బలం చాలలేదనుకుని నేను ఎరువు మీద ఎరువు వేశాను. తీగ మరింత ఏపుగా పెరిగింది తప్ప ఒక్క కాయ నిలవలేదు. కారణం ఎరువు కాదు, తేనెటీగలు రాకపోవడం. అప్పటినుంచి నా చేత్తోనే పరాగ సంపర్కం చేస్తున్నాను. పొడుగాటి సన్నని కాడ మీద నిలిచేది మగపూవు. రేకుల కింద గోలీకాయంత పిందె ఉన్నది ఆడపూవు. రెండూ తెల్లవారుతూనే విచ్చుకుని, ఎండెక్కేసరికి ముడుచుకుపోతాయి కాబట్టి ఈ పని ఏడు, ఏడున్నర లోపే ముగించాలి. అప్పుడే విచ్చిన మగపూవును కాడతో కోసి, రేకులు వెనక్కి తుంచేస్తే మధ్యలో పసుపు పుప్పొడి అంటిన కేసరం బయటపడుతుంది. దానిని ఆడపూవు నడుమనున్న జిగురు గడ్డల మీద అన్ని వైపులా మెల్లగా అద్దాలి. నాలుగైదు రోజుల్లో పిందె ఊరడం మొదలైతే సంపర్కం కుదిరినట్టే.

మగపూలు ముందుగా, చాలా ఎక్కువగా వస్తాయి. ధనుర్మాసంలో గొబ్బెమ్మల కోసం పిల్లలు పూలు అడిగినప్పుడు వీటినే కోసుకోమని, పాదుకు నాలుగైదు విడిచిపెట్టమని చెప్పాలి. పిందె ఉన్న పూవును పిల్లలకు చేతిలో పెట్టి ఒకసారి చూపిస్తే మళ్లీ పొరబడరు. ఆ నెలకు పూలు అందాలంటే అక్టోబరు చివర్లో విడిగా ఒక పాదు పెట్టుకోవాలి.

ఉమ్మడి తోటలో మందుల విషయం అందరూ కలిసి మాట్లాడుకోవలసినది. గుమ్మడి జాతి తీగలు గంధకానికి తట్టుకోలేవు. పక్క మడిలో మిరపకు చల్లిన గంధకం పొడి గాలికి వచ్చి పడినా ఆకులు మాడిపోతాయి. వేపనూనె వంటివి చల్లవలసి వచ్చినా, తేనెటీగలు తిరిగే ఉదయం వేళ వద్దు, సాయంత్రం చల్లాలి. పండు ఈగ లేత పిందెల్లో గుడ్లు పెడుతుంది కనుక పుచ్చిన పిందెలను మడిలో పడేయకుండా, కంపోస్టులో వేయకుండా, లోతుగా పాతిపెట్టాలి.

నేల మీది కాయ కింద ఎండుగడ్డి పరచాలి. పందిరికి వేలాడే కాయకు పాత నూలు చీర ముక్కతో ఉయ్యాల కట్టాలి. తొడిమ ఎండి బిరుసెక్కి, నొక్కినా గోరు తోలులోకి దిగకపోతే కాయ ముదిరినట్టు. రెండు, మూడంగుళాల తొడిమ ఉంచి కోయాలి. తొడిమ ఊడిన కాయ అక్కడినుంచే కుళ్లుతుంది. పది రోజులు నీడన ఆరబెట్టి, గాలి తగిలే చోట ఒకదానికొకటి ఆనకుండా పెడితే, నవంబరులో కోసిన కాయ సంక్రాంతి దప్పళానికి చెక్కుచెదరకుండా ఉంటుంది. ముక్కలు చేసిన కాయ మాత్రం నిలవ ఉండదు. ఆనాడే, తీగకు దారి ఇచ్చిన పక్క మడులవారికి మొదట పంచాలి.