ఊరగాయ జాడీ మీద ఇంగ్లిష్ మందుల జాడీ నగిషీ

ఇంగ్లండు పాత మందుల షాపుల్లోని తెల్లజాడీల ఫోటోలు చూసి, "మాస్టారూ, ఇది మా ఊరగాయ జాడీ మీద వెయ్యొచ్చా?" అని మా పాలకొల్లులో డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు. నిక్షేపంలా వెయ్యొచ్చు. కాకపోతే అందరూ ముందు పిట్టల్నీ పువ్వుల్నీ దించేసి, పేరు రాద్దామనేసరికి చోటు లేక దిక్కులు చూస్తారు. ఆ జాడీకి పేరే యజమాని. లోపలున్న మందేదో అల్లంత దూరం నుంచి తెలియాలి కదా. అందుకే ముందు పేరు పట్టీ, తర్వాతే బొమ్మ.

పైన గోధుమరంగు, కింద తెలుపు ఉండే జాడీ వద్దు. మొత్తం తెల్లగా, మూతి అంచు బయటికి తిరిగినది తీసుకోండి. అసలు జాడీల తెలుపు మట్టిది కాదు, తగరం కలిపిన పూతది. 1567లో, ఇప్పటి బెల్జియంలో ఉన్న ఆంట్వెర్ప్ నుంచి ఇద్దరు కుమ్మర్లు నార్విచ్ వచ్చి ఇంగ్లండులో ఆ పని పెట్టారు. తర్వాత లండన్, బ్రిస్టల్, లివర్‌పూల్‌లకి పాకింది. ఆ సామానుకి పేరు మాత్రం డచ్చివాళ్ల డెల్ఫ్ట్ ఊరిదే నిలిచింది, డెల్ఫ్ట్‌వేర్ అని. డచ్చివాళ్లు మా ఊరికి కొత్తేం కాదు, 17వ శతాబ్దంలో ఇక్కడ గిడ్డంగి పెట్టినవాళ్లే.

జాడీని సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడవండి. నూనె జిడ్డు వేలిముద్రంత ఉన్నా రంగు పట్టదు.

ఇప్పుడు పట్టీ. జాడీ పొట్ట చుట్టుకొలత దారంతో కొలిచి, ముందువైపు మూడోవంతు పట్టీకి వదలండి. రెండు కొసలూ చుట్ట తిరిగి, కింద కుచ్చులు వేలాడాలి. ఇంగ్లండువాళ్లు లాటిన్‌లో పెద్దక్షరాలు రాసేవారు: పాకమైతే ముందు ఎస్, తైలమైతే ఓ, లేహ్యమైతే ఈ, ఆ పక్కన మందు పేరు. మనం 'తై. నువ్వులు', 'లే. ఉసిరి' అని రాసుకుందాం. ఇక్కడే తిప్పలు. లాటిన్ అక్షరాలు సైనికుల్లా ఒకే ఎత్తున నిలబడతాయి. మనకి పైన తలకట్లు, గుడులు, కింద ఒత్తులు. ఫోటోలో ఉన్నంత వెడల్పు పట్టీ వేస్తే 'వ్వు' కింద ఒత్తు గీత దాటిపోతుంది. వెడల్పు ఒకటిన్నర రెట్లు చేయండి. ముందు కాగితం మీద రాసి, సరిపోయాకే కార్బన్ పేపరుతో జాడీ మీదికి దించండి.

పట్టీ పైన, నడిమధ్యన, రెక్కలు చాచిన పసిమొహం వేస్తే 17వ శతాబ్దం చివరి తీరు. రెండు పక్కలా పిట్టలు, మధ్యలో పూలబుట్ట వేస్తే 18వ శతాబ్దపు తీరు. రెండూ కలపొద్దు, కలిపితే పెళ్లి శుభలేఖ అవుతుంది. పిట్టలు గోరింకల్లా ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

రంగు ఒక్క నీలమే చాలు. ఆ పాత కుమ్మర్లు కాల్చని పూత మీద కుంచె పెట్టగానే తడి లాగేసేది, దిద్దుకునే వీలుండేది కాదు. అందుకే ఆ గీతల్లో అంత వేగం. మీరూ ముదురు నీలంతో సన్నటి గీత ఒక్క ఊపున లాగి, ఆరాక నీళ్లు కలిపిన నీలం లోపల నింపండి. వణికిన గీతని మళ్లీ దిద్దకండి. దిద్దితే లావెక్కుతుంది.

పింగాణీ మీద వేసి ఓవెన్లో కాల్చే రంగులే కొనండి. మా గోదారి జిల్లాల్లో ముసురు రోజుల్లో ఒక్క రాత్రికి ఆరవు, రెండు రోజులు వదిలేయండి. చల్లటి ఓవెన్లో పెట్టి మెల్లగా వేడి పెంచండి, డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి లోపలే చల్లారనివ్వండి. లోపలివైపూ, మూతి అంచుకీ రంగు తగలనివ్వకండి.

చెక్క మూత కొనకండి. ఆ జాడీల మీద తోలుకాగితం కప్పి, అంచు కింద దారం బిగించేవారు, మనం జాడీకి వాసెన కట్టినట్టే. తెల్లగుడ్డ చాలు. అడుగున మీ పేరు, సంవత్సరం రాయండి, రేపెవరైనా పాత సరుకని అమ్మకుండా.