5, 7 వైర్లను జంటగా కట్టకండి: పాత వీ8 కారును బయటికి తీసే ముందు జాగ్రత్తలు

ఏప్రిల్ వానలు మిషిగన్ రోడ్ల మీది ఉప్పును కడిగేశాక, చలికాలమంతా గ్యారేజీల్లో దుప్పటి కప్పుకొని పడుకున్న పాత కార్లు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఈ ఏడాది ఆ మొదటి వారంలోనే మా తెలుగు మిత్రులలో ఒకరి 1969 షెవ్రొలె షెవెల్ ఎస్‌ఎస్ 396 కారు ఇంజిన్ పాడయింది. శీతకాలంలో ఆయన చేసిన పని ఒక్కటే. పాత ప్లగ్ వైర్లు (సిలిండర్లలో నిప్పు రాల్చే ప్లగ్‌లకు కరెంటు మోసేవి) తీసేసి, ఫ్యాక్టరీలో వచ్చినట్లే నల్లటి పైపొర మీద తయారీ త్రైమాసికం, సంవత్సరం అచ్చువేసిన కొత్త వైర్ల సెట్టు బిగించారు. వైర్లు మంచివే. బిగించిన తీరే కొంప ముంచింది.

బ్యాటరీ తీగ విప్పడం, ఇంజిన్ చల్లారాక చెయ్యి పెట్టడం వంటి సంగతులు మీకు తెలిసినవే కనుక వాటిని ఇక్కడ చెప్పబోవడం లేదు. ఈ పన్నెండేళ్లలో నా కళ్లముందు మూడు ఇంజిన్లను తినేసిన ఒకే ఒక్క పొరపాటు గురించి చెప్పాలని ఇది రాస్తున్నాను: 5వ సిలిండర్ వైరునూ 7వ సిలిండర్ వైరునూ ఒకదానికొకటి ఆనించి, పొడవునా సమాంతరంగా కట్టడం.

ఏం జరుగుతుంది

ఆ కాలపు షెవ్రొలె వీ8 (వీ ఆకారంలో వైపుకు నాలుగు చొప్పున ఎనిమిది సిలిండర్లున్న) ఇంజిన్లలో సిలిండర్లు మండే వరుస 1-8-4-3-6-5-7-2. డ్రైవరు వైపు ముందునుంచి వెనక్కి 1, 3, 5, 7 సిలిండర్లు ఉంటాయి. అవతలి వైపు 2, 4, 6, 8 ఉంటాయి. వరుసను ఒకసారి వేలుపెట్టి చదివితే, ఒకే వైపున పక్కపక్కనే ఉండి ఒకదాని వెంట ఒకటి మండే జంట ఒక్కటేనని, అది 5, 7 జంటేనని తెలుస్తుంది. 5 మండిన తరువాత క్రాంక్ (పిస్టన్లకు తగిలించి ఉండే ఇరుసు) 90 డిగ్రీలు తిరిగేసరికి 7 మండాలి.

5వ ప్లగ్‌కు నిప్పు వెళ్లే క్షణంలో దాని వైరులో వేల వోల్టులు పరుగెత్తుతాయి. ఆ వైరుకు ఆనుకొని జానెడు, బారెడు దూరం మరో వైరు సాగితే, పైపొర ఎంత గట్టిదైనా, ఎక్కడా చిల్లు లేకపోయినా, ఆ రెండో వైరులో కొంత వోల్టేజి పుడుతుంది. మామూలుగా ఆ కొద్దిపాటి వోల్టేజి ప్లగ్ దగ్గర నిప్పు రాల్చడానికి చాలదు. కానీ ఆ క్షణంలో 7వ పిస్టన్ ఇంకా పైకి వస్తూ ఉంటుంది, పెట్రోలు గాలితో కలిసి సిలిండర్ నిండా ఉంటుంది, ఒత్తిడి మాత్రం ఇంకా పెరగలేదు. ఒత్తిడి తక్కువగా ఉన్నచోట ప్లగ్ నిప్పు రాల్చడానికి వోల్టేజి కూడా తక్కువే సరిపోతుంది. అందుకని 7వ సిలిండర్ తన వంతుకు దాదాపు 90 డిగ్రీల ముందే అంటుకుంటుంది. కింద క్రాంక్ పిస్టన్‌ను పైకి తోస్తూనే ఉంటుంది, పైన మంట దాన్ని కిందికి తొక్కుతూ ఉంటుంది. రోట్లో దంచినట్లే.

మా మిత్రుని ఇంజిన్ విప్పినప్పుడు 7వ పిస్టన్ అంచు ఎలుక కొరికినట్లు తినేసి ఉంది. పై రింగు కూర్చునే గాడి విరిగిపోయింది. ప్లగ్ తెల్లని పింగాణీ మీద సూదిమొనంత అల్యూమినియం చుక్కలు మెరుస్తున్నాయి. మిగిలిన ఏడు పిస్టన్లూ చెక్కుచెదరలేదు. పెట్రోలు నాసిరకమైతే, లేక టైమింగ్ (ప్లగ్‌లు నిప్పు రాల్చే క్షణం) ముందుకు పోతే, ఆ దెబ్బ ఒక్క సిలిండర్‌తో ఆగదు. ఆయన 93 ఆక్టేన్ మేలురకం పెట్రోలే పోయించారు, టైమింగ్ కూడా సరిగానే ఉంది. ఆ ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి 10.25, అంటే గాలి, పెట్రోలు మిశ్రమాన్ని పదింతలకు పైగా కుదిస్తుంది కనుక కాలం తప్పిన మంటను అది అసలే ఓర్చుకోలేదు.

ఆ వైర్లు బిగించిన రోజున ఆయన నాకు ఫొటో పంపి, "అన్నా, ఎంత పొందికగా వచ్చిందో చూడండి" అన్నారు. రెండంగుళాలకొక ప్లాస్టిక్ కట్టు వేసి, నాలుగు వైర్లనూ జడలా బిగించిన ఆ ఫొటోను నేను ఫోనులో చిన్నగా చూసి "బాగుంది" అనేశాను. పెద్దది చేసి చూడకపోవడం నా తప్పు.

ఫ్యాక్టరీ దారి అంటే ఏమిటి

చాలామంది ఫ్యాక్టరీ పద్ధతి అంటే వైరు మీది అచ్చు, రంగు, బూటు (వైరు చివరి రబ్బరు తొడుగు) వంపు అనుకుంటారు. ప్రదర్శనల్లో మార్కులు వేసేవారు చూసేది అవే కావచ్చు, కానీ ఇంజిన్‌ను కాపాడేది వైరు నడిచే దారి. 396 (ఘనపుటంగుళాల సైజు) వంటి పెద్ద బ్లాకు ఇంజిన్‌లో వైర్లు వాల్వ్ కవర్ల మీదుగా వెళ్తాయి. చిన్న బ్లాకు ఉన్న చాలా కార్లలో సిలిండర్ హెడ్ వెనకనుంచి కిందికి దిగి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (వేడి పొగ బయటికి పోయే గొట్టం) కిందుగా ముందుకు సాగుతాయి. ఏ దారిలోనైనా బ్రాకెట్‌లో ఒక్కొక్క వైరుకు ఒక్కొక్క గాడి ఉంటుంది. ఆ గాడులు అందం కోసం పెట్టినవి కావు, ఎడం కోసం పెట్టినవి. రెండు వైర్లను ఒకే గాడిలో కుక్కితే బ్రాకెట్ ఉండీ లేనట్లే.

డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు వంతులవారీగా కరెంటు పంచేది) క్యాప్ మీద కూడా 5, 7 పక్కపక్కనే ఉంటాయి కనుక క్యాప్ దాటగానే వాటిని విడదీయాలి. మధ్యలో 1వ వైరునో 3వ వైరునో నడిపించడం వాడుకలో ఉన్న పద్ధతి, అయినా అసలు రక్షణ ఎడమే. కనీసం అంగుళం ఉండాలి. ఒకదాన్ని ఒకటి దాటక తప్పకపోతే ప్లస్ గుర్తులా అడ్డంగా దాటించాలి, ఎందుకంటే లంబంగా దాటే వైర్ల మధ్య వోల్టేజి పుట్టడం చాలా తక్కువ. కుడివైపున 8, 4 కూడా వెంటవెంటనే మండుతాయి. వాటి మధ్య 6వ సిలిండర్ ఉన్నందున వైర్లు సహజంగానే విడిగా నడుస్తాయి, కానీ పొందిక కోసం మీరే వాటిని కలిపి కడితే ఆ సహజరక్షణ పోతుంది.

ఇంకొక సంగతి ఉంది. ఫ్యాక్టరీ కొలతకు కోసిన సెట్టులో వైర్ల పొడవు ముందే నిర్ణయమై ఉంటుంది. మునుపటి యజమాని ఎవరో డిస్ట్రిబ్యూటర్‌ను ఒక పన్ను అటో ఇటో కూర్చోబెట్టి, దానికి తగ్గట్లు వైర్లను జరిపి నడిపించి ఉంటే ఇంజిన్ చక్కగానే తిరుగుతుంది, కానీ కొత్త సెట్టు పెట్టేటప్పుడు ఒక వైరు అందదు, మరొకటి మిగులుతుంది. అప్పుడు లాగి సర్దేవి, చుట్టి దాచేవి తరచుగా వెనక వైపున్న 5, 7 వైర్లే. వైరు అందకపోతే వైరును తిట్టకుండా, ఆ ఏటి అసెంబ్లీ మాన్యువల్‌లో 1వ టెర్మినల్ ఎక్కడుండాలో చూసి, ముందు డిస్ట్రిబ్యూటర్‌ను సరిచేయాలి.

మీది షెవ్రొలె కాకపోతే

క్రైస్లర్, పాంటియాక్ వీ8లలో కూడా వరుస, అంకెలు ఇవే కనుక ప్రమాదపు జంట 5, 7. అయితే రోటర్ (డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే ముక్క) తిరిగే దిశ అన్నిటిలో ఒకటి కాదు: షెవ్రొలెలో గడియారం ముల్లు దిశ, పాంటియాక్‌లో దానికి ఎదురు. ఫోర్డ్‌లో అంకెలే వేరు. కుడివైపు 1 నుంచి 4, డ్రైవరు వైపు 5 నుంచి 8. 1960లనాటి 289, 302 ఇంజిన్లలో వరుస 1-5-4-2-6-3-7-8 కనుక అక్కడ విడదీయవలసినవి 7, 8. 351లో వరుస 1-3-7-2-6-5-4-8 కనుక 6, 5. పాత 302లో ఎవరైనా తరువాతి కాలపు క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు, దీన్ని బట్టే మండే వరుస) వేసి ఉంటే జంట కూడా మారిపోతుంది. షెవ్రొలెలోనూ 4, 7 స్థానాలు మార్చిన రేసు క్యామ్‌లున్నాయి. వాటిలో 5, 7 భయం పోయి 4, 2 భయం వస్తుంది. ఇంజిన్‌లో ఏ క్యామ్ ఉందో తెలియకుండా వైరు ముట్టుకోకండి.

ఇక మిగిలినవి తోచిన వరుసలో చెబుతున్నాను.

వైరును పట్టి లాగకండి. బూటును పట్టి, కొద్దిగా మెలితిప్పి తీయండి. ఈ వైర్ల లోపల ఉండేది రాగి కాదు, కార్బన్ పట్టించిన దారం. లాగితే లోపలే తెగుతుంది, పైకి కనిపించదు.

ఒక్కొక్కటిగా మార్చండి. ఎనిమిదీ ఒకేసారి పీకకండి.

బిగించే ముందు ప్రతి వైరునూ ఓమ్ మీటరుతో కొలవండి. ఇంచుమించు ఒకే పొడవున్న వైర్ల అంకెలు దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి మాత్రం ఎగిరిపోతే, లేదా 30 వేల ఓమ్‌లు దాటితే, కొత్తదైనా పక్కన పెట్టండి.

రబ్బరు గ్రామెట్ (గాడి అంచుకు తొడిగే మెత్తని రింగు) లేని బ్రాకెట్‌లో వైరు పెట్టకండి. రేకు అంచు ఒక్క వేసవిలో పైపొరను కోసేస్తుంది.

మానిఫోల్డ్‌కు వైరు తగలకూడదు. ప్లగ్ దగ్గర ఫ్యాక్టరీ వేడి కవచాలు ఉంటే వాటిని తీసి దాచుకోకండి, తిరిగి బిగించండి.

డ్రైవరు వైపు స్టీరింగ్ షాఫ్ట్ ఉంది, యాక్సిలరేటర్ కడ్డీ ఉంది. వైర్లు బిగించాక ఇంజిన్ ఆపి ఉంచి, ఒకరిని లోపల కూర్చోబెట్టి పెడల్ చివరిదాకా తొక్కించి, స్టీరింగ్‌ను ఆ చివరనుంచి ఈ చివరకు తిప్పించి, మీరు బయట నిలబడి చూడండి. కడ్డీలో వైరు చిక్కుకుంటే పెడల్ తిరిగి పైకి రాదు. ఆ కారు ఆగదు.

క్యాప్ లోపల తుడవండి. చలికాలపు చెమ్మ ఆరాక రెండు టెర్మినళ్ల మధ్య పెన్సిల్ గీతవంటి నల్లని జాడ కనిపిస్తే ఆ క్యాప్ పారేయండి. 5, 7 అక్కడ కూడా పక్కవాళ్లే.

చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే నీలి మెరుపులు కనిపించలేదు కనుక అంతా సవ్యంగా ఉందని అనుకోకండి. చీకట్లో కనిపించేది వైరు పైపొరనుంచి బయటికి కారిపోయే నిప్పు. ఒక వైరునుంచి మరో వైరులో పుట్టే వోల్టేజి కంటికి కనిపించదు. మా మిత్రుడు ఆ పరీక్ష కూడా చేశారు.

ఇంజిన్ నిలకడగా తిరుగుతోందని నమ్మకండి. పెడల్ నొక్కి, సిలిండర్ నిండా గాలి వెళ్లినప్పుడు 5వ ప్లగ్‌కు వోల్టేజి ఎక్కువ కావాలి. 7వ వైరులో పుట్టేది కూడా అప్పుడే పెరుగుతుంది. ఇంటి ముందు పిల్లిలా ఉండే ఇంజిన్ హైవే ఎక్కేటప్పుడు చస్తుంది.

టైమింగ్ లైటు పట్టేటప్పుడు దాని తీగ ఫ్యాన్ దగ్గర వేలాడకూడదు. చున్నీ, మఫ్లరు, పొడుగు చేతుల చొక్కా వద్దు. కార్బ్యురేటర్ పెట్రోలుతో తడిసి ఉంటే తుడిచే వరకు తాళం తిప్పవద్దు. గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తాకే స్టార్టు చేయండి.

ప్లాస్టిక్ కట్లు కొనవద్దు. ఇంట్లో ఉంటే ఈ పనికి వాడవద్దు.

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కు (పాత కార్ల ఊరేగింపుకు) తీసుకువెళ్లాలనే తొందరలో ముందు రోజు రాత్రి ఈ పని పెట్టుకోకండి. వేసవి వేడి, గంటల తరబడి ట్రాఫిక్, మధ్యలో ఖాళీ దొరకగానే పెడల్ మీద కాలు: 7వ పిస్టన్‌కు అంతకన్నా చెడ్డ రోజు ఉండదు.

దారిలో గిన్నెలో గోళీలు కదిపినట్లు చప్పుడు వినిపిస్తే పెట్రోలు మీద నింద వేసి ముందుకు సాగకండి. మా మిత్రుడు పది నిమిషాలు సాగారు. వెంటనే పెడల్ వదిలి, పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, చల్లారాక 5, 7 వైర్లు ఎలా ఉన్నాయో చూసి, 7వ ప్లగ్ విప్పండి. పింగాణీ మీద మెరిసే చుక్క ఒక్కటి కనిపించినా మళ్లీ స్టార్టు చేయకండి. టో ట్రక్కు మీదికి ఎక్కించి ఇంటికి తెచ్చుకోండి.